ఎనిమిది నిమిషాల దూరం

ఆసుపత్రికి అరగంట లోపు ఇల్లుండాలి,
రాత్రీ పగలూ పక్కన ఒక మనిషుండాలి.
నర్సు చదివిన ఆ రెండు షరతులకీ
చెల్లెలి ఊరు సరిపోలేదు, కూతురి ఊరు సరిపోలేదు.
వెతగ్గా వెతగ్గా ఎర్మీనియాకి దొరికిన జవాబు
పదకొండేళ్ళ కిందట తను విడాకులిచ్చిన నేను.

మోంటెరేలో మా వీధి నుంచి ఆ గుమ్మానికి
ట్రాఫిక్ లేకపోతే ఎనిమిది నిమిషాలు,
ఉంటే పంతొమ్మిది.
ఆమె ఫోన్ చేసిన సాయంత్రం
రెండుసార్లు బండి నడిపి చూసుకునే
సరే అన్నాను.

ముందు నా పసుపుపిట్టని పంజరంతో సహా
పక్కింటి ఎదువీహెస్‌కి అప్పగించాను.
పూలకుండీలు డాబా మీదికి, తివాచీ అటక మీదికి.
గోడలకి బ్లీచింగ్, తలుపు గడియలకి బ్లీచింగ్,
నా గోళ్ళకి మాత్రం ఎంత రుద్దినా అదే గ్రీజు.
నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన చేతులు.

మందు ఎక్కుతున్నంతసేపూ నోట్లో ఐసుండాలట,
నోరు పుండు కాకుండా.
బండివాడిది వద్దన్నారు; నీళ్ళు కాచి
నేనే గడ్డకట్టించాను నిమ్మ ఐసుపుల్లలు.
తొమ్మిది చప్పరించింది. పెదాలు నీలంగా మారి
"ఇది చేదు. గింజ తియ్యలేదు నువ్వు" అంది.
తియ్యలేదు.
కాపురం చేసిన రోజుల్లోనూ తియ్యలేదు.

వాళ్ళ లెక్క నాకు చేతనైన లెక్కే:
మైనస్ రెండు, మైనస్ ఒకటి, సున్నా, ఒకటి.
నేలమాళిగలు, నేల, మొదటి అంతస్తు.
సున్నా నాడు ఫ్రిజ్‌లోంచి ఒక సంచి తెచ్చారు,
పలచటి టమాటా గుజ్జు రంగు.
ఎవరి దానమూ కాదు,
మూడు రోజుల కిందట ఆమెలోంచి తీసి దాచిన
ఆమె మూలకణాలే.
ఇరవై నిమిషాల్లో సంచి ఖాళీ.
నర్సు గడియారం చూసి రాసుకుంది.
ఇక ఇంటికెళ్ళండి అన్నారు.
ఇల్లంటే నాదే.

ఆరో రోజు దిండు మీద జుట్టంతా.
ఏడో రోజు మాటలు లేవు, బకెట్టు మాత్రమే.
పొద్దున్నే తీసుకెళ్ళి రక్తం ఇప్పించి, సెలైన్ పెట్టించి,
మధ్యాహ్నానికి మళ్ళీ ఈ మంచానికే.
దినదినగండం సరే,
నూరేళ్ళాయుష్షు మాట ఎవరూ ఎత్తలేదు.
గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి,
తలుపు సగం తెరిచి.
సగమే. ఎంత తెరవాలో
ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఎనిమిదో రాత్రి రెండున్నరకి
థర్మామీటర్‌లో ముప్పై ఎనిమిది దాటింది.
నీళ్ళ పైపు పగిలిందని మా వీధి చివర తవ్వేశారు.
ఒన్‌వేలో ఎదురు వెళ్ళాను,
అరవై ఆరేళ్ళ వయసులో, హారన్ మీదే చెయ్యి పెట్టి.
వెనక సీట్లోంచి, వణుకుతూ,
"నికనోర్, నీ బెల్టు" అంది.
పెట్టుకోలేదు నేను.
అప్పుడు పెట్టుకున్నాను.

తెల్లారేసరికి యాంటీబయాటిక్ ఎక్కింది,
జీను ఆకారపు కొండ వెనక ఎండ కూడా.
అక్కడే ఉంచుకుంటారనుకున్నాను.
"మీ ఇంట్లో బాగానే చూస్తున్నారుగా" అంది డాక్టరమ్మ.
ఎవరైనా నన్ను అలా అనడం
ఎర్మీనియా వింది.

పన్నెండో రోజు కాగితంలో తెల్లకణాలు ఐదువందలు.
నాకు అంకెలు కావు, మరొకటి వినబడింది:
కరెంటు పోయిన చీకటి గొయ్యిలో
ఎక్కడో పైన మోటారు అందుకున్న చప్పుడు.

ఇవాళ ఇరవై ఆరు. సాల్టియో వెళ్ళిపోవచ్చన్నారు,
వారానికోసారి వస్తే చాలట.
గంటా ఇరవై నిమిషాల దారి.
సంచి సర్దుకుని గుమ్మం దగ్గర కూర్చుని
"ఇంక పిట్టని తెచ్చుకో" అంది.
ఇంకా నెల వరకూ కూడదన్నారు అన్నాను.
"ఎవరు? నాతో అన్లేదే."
వినబడనట్టు
పొయ్యి మీద నీళ్ళు పెట్టాను, కాచడానికి,
ఇద్దరికి సరిపడా.